కుదుపుల్లేని ప్రయాణం

ఇకమీదట పేదింటి ఆడవాళ్ళెవరూ నడవనక్కర్లేదని, అందరూ నడుపుతారని మంత్రిగారు ప్రకటించారు. మంత్రిగారు ఊరికే ప్రకటించే మనిషి కాదు. ముందు కళ్ళు మూసుకుంటారు. తర్వాత గొంతు సవరించుకుంటారు. ఆ తర్వాత కెమెరాలన్నీ సర్దుకున్నాయో లేదో ఒక కన్ను తెరిచి చూసుకుని, మళ్ళీ మూసుకుని మొదలుపెడతారు.

"నా అక్కచెల్లెళ్ళ చేతుల్లో ఇన్నాళ్ళూ చీపురు చూశాను. ఇకనుంచి స్టీరింగు చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు" అన్నారాయన.

సభలో ఆయన్ని దగ్గరనుంచి చూసినవాళ్ళెవరికీ ఆయనకి నిద్ర విషయంలో అంత ఇబ్బంది ఉందనిపించదు గానీ, మాట మాత్రం గొప్పది. పథకం పేరు అంతకన్నా గొప్పది. మహిళా స్టీరింగ్ స్వావలంబన పథకం. నిధులు విడుదలయ్యాయి, తెల్లటి కొత్త కారు కొన్నారు, బోర్డు రాయించారు. కారుకన్నా బోర్డు కొంచెం పొడుగు.

ఈ వార్త చెవిన పడేసరికి పాలక్క భుజం మీద పాలక్రేటు ఉంది. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి లేకపోలేదు. కానీ తెల్లారకముందే వ్యానులోంచి క్రేట్లు దింపే పనిలో చేరాక ఆ పేరుతో పిలిచే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ భుజం ఈమధ్య మొరాయిస్తోంది. ఇంకో ఏడాది ఇలాగే మోస్తే చెయ్యెత్తి బస్సు ఆపడం కూడా కుదరదని డాక్టరు చెప్పేశాడు. క్రేట్లు మొయ్యకపోతే డిపోలో ఆవిడకి వేరే పని లేదు.

అందుకే డిపో నడిపే బాబాయి ఆ మాట అన్నప్పుడు ఆవిడ క్రేటు కిందికి దించి మరీ విన్నది.

"వ్యాను డ్రైవరు మూడు నెలల్లో మానేస్తున్నాడే. సొంతంగా కొట్టు పెట్టుకుంటాడట. నువ్వు ఆ ట్రైనింగేదో అయి లైసెన్సు తెచ్చుకో. వ్యాను నీకే ఇస్తా."

"తెచ్చుకోకపోతే?"

"మా బామ్మర్ది ఉండనే ఉన్నాడు. వాణ్ణి పెట్టుకోమని మీ పిన్ని రోజూ నా ప్రాణం తోడేస్తోంది."

పాలక్క ఆ రోజే వెళ్ళి పథకంలో చేరింది.

శిక్షణ కేంద్రం ఒకప్పుడు సిమెంటు గోడౌను. లోపల ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కో కుర్చీ మీద ఒక్కో స్టీలు పళ్ళెం. ప్రతి కుర్చీ ముందూ నేలమీద సుద్దముక్కతో గీసిన మూడు సున్నాలు. భోజనాలు పెడతారు కాబోలనుకుని కొందరు చేతులు కూడా కడుక్కొచ్చారు.

డ్రైవింగు నేర్పడానికి వచ్చిన మాస్టారు రిటైరైన సంగీతం టీచరు. ఆయన మంత్రిగారికి దూరపు బంధువు. ఆయన దగ్గర సైకిలుంది గానీ దాన్ని పక్కన నడిపించుకుంటూ వచ్చేవారే తప్ప ఎక్కగా ఎవరూ చూడలేదు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి మాస్టారుగా దొరకడం ఆడవాళ్ళ అదృష్టమని కేంద్రం డైరెక్టరుగారు ప్రారంభోపన్యాసంలో అన్నారు.

"పళ్ళేలు తీసుకోండమ్మా. అదే స్టీరింగు. నేలమీద సున్నాలు క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు. గేరు గాలిలో ఉంటుంది. ఎక్కడ పెట్టుకున్నారో ఎవరిది వాళ్ళు గుర్తుంచుకోండి" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, మరి కారేది?" అంది పాలక్క.

"కారు టెస్టింగులో ఉందమ్మా."

అది నిజమే. కొత్త కారు వచ్చిన రోజునే మంత్రిగారికి ఒక అనుమానం వచ్చింది. ఈ కారు మంచిదో కాదో తెలియకుండా ఆడపిల్లల చేతికిస్తే, రేపేదైనా జరిగితే ఎవరిది పూచీ? అలాంటి విషయాల్లో ఆయన ఎవరినీ నమ్మరు. తానే స్వయంగా పరీక్షిస్తున్నారు. పొద్దున ఆయన పిల్లలు స్కూలుకెళ్ళి పరీక్షిస్తారు. మధ్యాహ్నం ఆయన భార్య బజారుకెళ్ళి పరీక్షిస్తారు. ఆదివారాలు ఇంటిల్లిపాదీ కలిసి దూరప్రాంతాల్లో పరీక్షిస్తారు. ఆడవాళ్ళ క్షేమం కోసం ఒక కుటుంబం ఇంతగా తిరగడం చరిత్రలో లేదు.

కాబట్టి చదువు కుర్చీల మీదే సాగింది. మాస్టారు తాళం వేస్తూ "ఎడమ మలుపు" అంటే అందరూ ఎడమకి ఒరిగేవారు. "బ్రేకు" అంటే కాళ్ళన్నీ ఒక్కసారి నేలని తన్నేవి. గోడౌను పక్కనున్న వడ్రంగి మొదట్లో భూకంపమనుకుని రెండుసార్లు బయటికి పరుగెత్తాడు. హారన్ నోటితోనే. ఎవరి గొంతును బట్టి వాళ్ళ బండి. ఇళ్ళలో పాచిపని చేసే సన్నటావిడ స్కూటరు, ఆస్పత్రిలో ఆయాగా చేసే లావుపాటావిడ లారీ. ఆ లారీ ఒకరోజు మలుపులో మరీ ఒరిగిపోయి స్కూటరు మీద పడింది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ మధ్యాహ్నందాకా తిట్టుకున్నారు. డైరెక్టరుగారు వచ్చి విచారించి, ఇది పడిపోవడమే గానీ యాక్సిడెంటు కాదని తేల్చారు.

పాలక్క బాగా నేర్చుకుంది. నేర్చుకోవడానికి ఎంత ఉందో అంతా నేర్చుకుంది. ఇంటికెళ్ళి పీట మీద కూర్చుని మూకుడు మూత తిప్పుతుంటే అత్త గుమ్మంలో చేరగిలబడి చూసేది.

"ఏమే డ్రైవరమ్మా, ఎందాకా వచ్చావు?"

"ట్రాఫిక్కులో ఉన్నానత్తా. మాట్లాడించకు."

"ఆ చేత్తోనే నన్ను కాస్త మార్కెట్టు దగ్గర దింపరాదూ? మోకాళ్ళు పీకుతున్నాయి."

"ఎక్కు మరి."

అత్త వెనక చాపమీద కూలబడేది. కాసేపయ్యాక, "దిగమంటావా?" అని అడిగేది. దిగి చూస్తే వంటింట్లోనే ఉండేది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట" అని గొణుక్కుంటూ తనే సంచీ పట్టుకుని నడిచిపోయేది.

నెల తిరక్కుండా మంత్రిగారు తనిఖీకి వచ్చారు. అందరూ పళ్ళేలు పట్టుకుని హారన్లు కొడుతూ ఒక్కలా ఒరిగి ఒక్కలా లేవడం చూసి ఆయన నిజంగానే కదిలిపోయారు.

"పెట్రోలు ఖర్చెంత?" అన్నారు.

"లేదు సార్" అన్నారు డైరెక్టరుగారు.

"పొగ?"

"లేదు సార్."

"యాక్సిడెంట్లు?"

"ఒక్కటీ లేదు సార్. పడిపోవడాలున్నాయి."

"చూశారా! ఇన్నాళ్ళూ కార్లతో డ్రైవింగు నేర్పి ఈ దేశం ఎంత నష్టపోయింది?"

"చాలా నష్టపోయింది సార్. చాలా."

ఆయన అక్కడికక్కడే హెవీ వెహికల్ కోర్సు కూడా మంజూరు చేశారు. మర్నాటికల్లా బెంచీలు దిగాయి. ఎక్కడినుంచో ఈ పథకం చూడ్డానికి ఒక బృందం వస్తే వాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టి టిక్కెట్లిచ్చి తిప్పి చూపించారు. అందులో ఒకాయనకి నిజంగానే కళ్ళు తిరిగాయి. పత్రికలు ఆ విషయం మొదటి పేజీలో వేశాయి.

వెళ్ళబోతున్న మంత్రిగారికి పాలక్క అడ్డం వెళ్ళింది.

"సార్, కారెప్పుడొస్తుంది సార్?"

"కారుదేముందమ్మా, ఎవడైనా నడుపుతాడు" అన్నారాయన నవ్వి. "కుర్చీ మీద కూర్చుని కదలకుండా ఇంతదూరం రావాలంటే గుండె ఉండాలి. నన్ను చూడు."

పాలక్క చూసింది. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. అది ఆ కారేనని అప్పుడు ఎవరికీ తోచలేదు, చుట్టూ అంత పోలీసు హడావుడి ఉంది మరి.

రెండో నెల గడిచింది, మూడోదీ చివరికొచ్చింది. డిపో బాబాయి బామ్మర్ది అప్పుడే వచ్చి వ్యాను చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసుకుంటున్నాడు. భుజం నొప్పికి పాలక్క పళ్ళెం తిప్పాలన్నా పళ్ళు బిగబట్టాల్సి వస్తోంది. ఇంక ఆగలేక డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, లైసెన్సు టెస్టుకి కారులోనే కూర్చోవాలట. కుర్చీ ఒప్పుకోరట. లైసెన్సులిచ్చే ఇన్‌స్పెక్టరు నన్ను చూసి నవ్వాడు సార్."

"వాళ్ళది పాత చాదస్తమమ్మా. మనం ముందున్నాం."

"ముందున్నామో వెనకున్నామో నాకు తెలీదు సార్. నాకు వ్యాను నడపాలి. ఒక్క పూట కారు ఇప్పించండి. ఒక్కసారి ముట్టుకుంటాను."

"ఎలా ఇప్పించనమ్మా? అది మంత్రిగారి టెస్టింగు. నాకూ పిల్లలున్నారు." డైరెక్టరుగారు తలుపు దగ్గరికి వేశారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు కావాలంటే బెంచీ మీద ఇంకో నెల చేరు. అది కూడా ఉచితమే" అన్నారు.

పాలక్కకి ఏడుపొచ్చింది. గట్టిగా ఏడ్చే మనిషి కాదు గనక బయటికొచ్చి కుళాయి విప్పుకుని, మొహం కడుక్కుంటున్నట్టుగా కాసేపు ఏడ్చింది. మూడు నెలలు పళ్ళెం తిప్పానే అని ఆవిడకి తనమీద తనకే ఒళ్ళు మండింది.

సరిగ్గా ఆ వారంలోనే మంత్రిగారికి అవార్డు వచ్చింది. ఒక్క ప్రమాదం కూడా జరగకుండా అంతమంది ఆడవాళ్ళని డ్రైవర్లుగా తీర్చిదిద్దినందుకు రాజధానిలో ఘనంగా సన్మానం. బయలుదేరే ముందు అక్కచెల్లెళ్ళ దీవెన తీసుకుంటానని ఆయన శిక్షణ కేంద్రానికే వచ్చారు. విలేకరులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. ఆవరణలోకి తెల్లకారు వచ్చి ఆగింది. తలుపు మీద "మహిళా స్టీరింగ్" అన్న అక్షరాలు సగం గీరేసి ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే వెనక సీటులో బిస్కట్ల పొడి, ఒక టెన్నిస్ రాకెట్టు, ఎవరిదో చిన్నపిల్లవాడి చెప్పు కనబడ్డాయి. ఆడవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకునే ఆ కారు చుట్టూ చేరి, చుట్టపు పిల్లని చూసినట్టు చూశారు.

అంతా సిద్ధంగా ఉంది, డ్రైవరు తప్ప. అతను కడుపు పట్టుకుని గోడౌను వెనకున్న బాత్రూములోకి వెళ్ళి మరి రాలేదు. పీఏ వెళ్ళి తలుపు కొట్టి వచ్చాడు.

"సార్, ఇవాళ తన వల్ల కాదంటున్నాడు సార్. లోపలినుంచే దణ్ణం పెడుతున్నాడు."

"ఇంకో డ్రైవర్ని పిలు" అన్నారు మంత్రిగారు చిన్నగా.

చిన్నగా అన్నా ఒక విలేకరి చెవిన పడింది. "అదేంటి సార్, ఇంతమంది మహిళా డ్రైవర్లని తయారుచేసి డ్రైవరు లేడంటారు?"

కెమెరాలన్నీ మంత్రిగారి మొహం మీదికి తిరిగాయి. ఆ మొహంలో రంగులు మారడం చూసినవాళ్ళు అది ఆనందమని రాసుకున్నారు.

"నేను అదే అనబోతున్నాను" అన్నారాయన. "ఎవరమ్మా మీలో..."

ఆయన మాట పూర్తికాకముందే పాలక్క ముందుకొచ్చింది. పళ్ళెం పక్కావిడ చేతికిచ్చి, కొంగు దోపుకుని, డ్రైవరు సీటులో కూర్చుంది. అలా కూర్చోవడానికి తనకి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆవిడకే తెలీదు. సీటు మాత్రం చాలా మెత్తగా ఉంది. మంత్రిగారు ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు ఒకసారి కెమెరాలకేసి, ఒకసారి కారుకేసి చూసి వెనక సీటులోకి ఎక్కారు. తలుపు వేశారు. అద్దాలెత్తారు.

"అమ్మా" అన్నారు పెదాలు కదలనివ్వకుండా, బయటివాళ్ళకి చెయ్యూపుతూ. "అక్కడ తాళం వేలాడుతోంది చూడు. దాని జోలికి మాత్రం వెళ్ళకు. నీకు పుణ్యముంటుంది."

"ఇదేంటి సార్, దీనికి తాళం కూడా ఉంటుందా? మా కుర్చీలకి లేదే."

"వద్దు. ముట్టుకోకు. నాకు షుగరుంది."

"మరి ఎలా వెళ్దాం సార్?"

"నీకు నేర్పారుగా. అలాగే వెళ్దాం."

పాలక్క అద్దం సర్దుకుంది. నడుముకి బెల్టు పెట్టుకుంది. నోటితో హారన్ కొట్టి స్టీరింగు కుడికి తిప్పింది. మంత్రిగారు కుడికి ఒరిగారు. ఇది చూసిన పీఏకి సంగతి అర్థమైంది. మైకు అందుకుని, "మంత్రివర్యుల కారు బయలుదేరింది!" అని కేకేశాడు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి వీడ్కోలు చెప్పారు. ఇక డైరెక్టరుగారు ఊరుకుంటారా? అటెండర్లిద్దరి చేతుల్లో రెండు పూలకుండీలు పెట్టి, కారు ముందునుంచి వెనక్కి నడిపించారు. వాళ్ళు వెనక్కి చేరగానే చాటునుంచి చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకి పరుగెత్తుకొచ్చేవారు. కారులోంచి చూస్తే చెట్లు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి వాళ్ళకి ఆయాసమొచ్చి మెల్లగా నడిస్తే పాలక్క కూడా స్పీడు తగ్గించింది.

"బాగా నడుపుతున్నావమ్మా" అన్నారు మంత్రిగారు, కాస్త తేరుకుని. "ఎందాకా వచ్చాం?"

"సగం దూరం వచ్చాం సార్." పాలక్క ముందుకే చూస్తూ అంది. "సార్, ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఈ కారు మాకు కొన్నదే కదా సార్?"

మంత్రిగారు కిటికీలోంచి ఒక పూలకుండీకి చెయ్యూపారు.

"రేపట్నుంచి దీన్ని ట్రైనింగుకి ఇచ్చెయ్యండి సార్. నాకు ఈ వారంలో వ్యాను పని పోతుంది. మీకు ఇంట్లో ఇంకా రెండు కార్లున్నాయి, అందరూ చెప్పుకుంటారు."

"చూద్దాం. ముందు నన్ను చేర్చు."

"మీరు ఒప్పుకునేదాకా ఈ కారు ఆగదు సార్."

మంత్రిగారికి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపుకేసి జరిగారు. "నేను తలుపు తీసుకుని దిగుతాను."

"పరుగెత్తే కారులోంచా? బయట ఫొటోలు తీస్తున్నారు సార్. ఒక్క యాక్సిడెంటూ లేదని మీకు అవార్డు కూడా ఇస్తున్నారాయె."

ఆయన తలుపు మీద చెయ్యి వేసి, తీసేశారు. ఎండ మాడ్చేస్తోంది. అద్దాలెత్తి ఉన్నాయి. ఇంజను నడవదు గనక లోపల ఏసీ కూడా లేదు. బయట అటెండర్లు కుండీలు మార్చుకున్నారు. పాలక్క కొండదారి ఎక్కిస్తున్నట్టు స్టీరింగు అటూ ఇటూ గిరగిరా తిప్పింది. మర్యాదకి ఆయన ప్రతి మలుపులోనూ ఒరగాల్సి వచ్చింది.

"దూరం దారి పట్టావేంటమ్మా!"

"మీకు ఆలోచించుకునే టైముంటుందని సార్."

మూడో కొండకి ఆయన మెత్తబడ్డారు. "సరే. రేపట్నుంచి కారు మీదే. ఒట్టు. ఇక ఆపు."

పాలక్క నోటితో "కీచ్" మని బ్రేకు వేసింది. "దిగండి సార్. రాజధాని వచ్చేసింది."

మంత్రిగారు దిగారు. ఎక్కడ ఎక్కారో సరిగ్గా అక్కడే దిగారు. ఎదురుగా అదే గోడౌను, అదే పొడుగాటి బోర్డు, అవే పళ్ళేలు. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. మహానాయకులకీ మనకీ తేడా అక్కడే ఉంది.

"రాజధాని ప్రజలారా!" అన్నారు చేతులు జోడించి. "మీరు ఇంత పెద్ద సంఖ్యలో వస్తారని నేను అనుకోలేదు."

జనం చప్పట్లు కొట్టారు. షీల్డు తయారు చేయించింది మంత్రిగారే గనక అదృష్టవశాత్తూ అది డిక్కీలోనే ఉంది. పీఏ తీసి డైరెక్టరుగారికిచ్చాడు, డైరెక్టరుగారు రాజధాని తరఫున మంత్రిగారికిచ్చారు.

"ప్రయాణం ఎలా జరిగింది సార్?" అని అడిగాడు ఇందాకటి విలేకరే.

"మన ప్రభుత్వం వేసిన రోడ్లు ఎలా ఉన్నాయో ఇవాళ స్వయంగా తెలుసుకున్నాను" అన్నారు మంత్రిగారు. "ఇంత దూరంలో ఒక్క కుదుపు తెలిస్తే ఒట్టు!"

మర్నాడు పొద్దున్నే, డిపోలో క్రేట్లు దింపేసి, పాలక్క కేంద్రానికి పరుగున వచ్చింది. తక్కినవాళ్ళెవరూ ఇంకా రాలేదు. కారు ఆవరణలోనే ఉంది, నిన్న దిగిన చోటే. డైరెక్టరుగారు మెట్ల దగ్గర నిలబడి టీ తాగుతున్నారు.

"సార్, కారు మాకిచ్చేశారు. మంత్రిగారు మాటిచ్చారు."

"ఇచ్చే ఉంటారమ్మా. ఆయన తిరిగి రాగానే చూద్దాం."

"ఎక్కణ్ణుంచి తిరిగొస్తారు?"

"రాజధానినుంచి. నిన్న వెళ్ళారు కదా, ఇంకా రాలేదు. పేపర్లో కూడా పడింది."

"అయ్యో సార్! నిన్న మా అందరి కళ్ళముందే వెనక గేటులోంచి వాళ్ళ అత్తగారింటికి నడిచెళ్ళారు."

"ఆయన రాజధానిలోనే ఉన్నారమ్మా. అత్తగారింట్లో పడుకున్నారు, అంతే. కిటికీ కూడా తియ్యట్లేదు పాపం."

"మరి ఈ కారు?"

"కారు కూడా ఆయనతోనే ఉంది."

పాలక్క కారుకేసి చూసింది. డైరెక్టరుగారు కారుకేసి చూడలేదు. టీలోకి చూశారు.

"అంటే ఇక్కడ కారు లేదు."

"లేదు."

"బాగా ఆలోచించుకుని చెప్పండి సార్."

"ఏం చెప్పమంటావమ్మా, ఆఫీసు లెక్కన ఈ ఆవరణలో ఏ కారూ లేదు."

పాలక్క నడిచి వెళ్ళి, లేని కారు తలుపు తీసి, లేని సీటులో కూర్చుంది. తాళం అక్కడే వేలాడుతోంది. నిన్న మంత్రిగారు అంతగా భయపడ్డారంటే అసలు సంగతి దానిలోనే ఉండి ఉంటుందని ఆవిడకి రాత్రే తోచింది. పట్టుకుని తిప్పింది.

కడుపునొప్పి డ్రైవరు ఆ కంగారులో బండిని గేరులోనే వదిలేసి వెళ్ళాడు. కారు ఒక్కసారి ఎగిరి దూకి, గుర్రుమంటూ మెట్లకేసి బయలుదేరింది.

డైరెక్టరుగారు సరిగ్గా దాని దారిలో ఉన్నారు. ఆయన చదువుకున్న మనిషి, క్షణంలో అన్ని వైపులా ఆలోచించారు. పక్కకి తప్పుకుంటే కారు ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. కారుంటే మంత్రిగారు తిరిగొచ్చినట్టవుతుంది. తిరిగొస్తే, అసలు వెళ్ళారా అని అడుగుతారు. తప్పుకోకపోతే, లేని కారు కింద పడ్డవాడికి మెడికల్ లీవు ఇవ్వొచ్చని ఏ రూల్సులోనూ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనేం చేస్తారోనని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాలక్క "ముందు క్లచ్చి! తర్వాత బ్రేకు!" అని తనకి తనే అరుచుకుంటూ నేర్చుకున్న ప్రకారం కుడిపక్కది తొక్కింది. మాస్టారు ఎదురుగా నిలబడి సుద్దముక్కతో సున్నాలు గీశారు కదా, ఆయనకి కుడి అయినది వీళ్ళకి ఎడమ అయి కూర్చుంది. క్లచ్చి అనుకుని తొక్కినది యాక్సిలరేటరు. కారు ఇంకా ఉత్సాహంగా వచ్చింది.

డైరెక్టరుగారు టీ గ్లాసు వదిలేసి, పూలకుండీ మీదినుంచి ఒక్క గెంతు గెంతారు.

"మధ్యలోది! మధ్యలోది తొక్కవే తల్లీ! మధ్యలోది!"

పథకం మొదలయ్యాక ఆ కేంద్రంలో జరిగిన మొదటి ప్రాక్టికల్ క్లాసు అదే. పాలక్క రెండు కాళ్ళూ ఎత్తి మధ్యలోది తొక్కింది. కారు నాలుగు కుదుపులు కుదిపి, ఆ కుండీని విరగ్గొట్టి, మెట్టుకి ముక్కు ఆనించి ఆగిపోయింది.

పాలక్క స్టీరింగు వదల్లేదు. భుజం నొప్పి కూడా గుర్తు రాలేదు. మొహమంతా నవ్వు.

"సార్! కదిలింది సార్! నేనే కదిపాను!"

"ఏది?" అన్నారు డైరెక్టరుగారు అలవాటుగా, మట్టి దులుపుకుంటూ.

"నేను రేపు కూడా వస్తాను సార్. ఎల్లుండీ వస్తాను. లేని కారేగా, ఎవరు ఆపుతారు?"

ఆయన గేటుకేసి చూశారు. వాచ్‌మన్ చప్పున మొహం తిప్పుకుని ఆకాశంలో మబ్బులు చూడసాగాడు. ఆయన పగిలిన టీ గ్లాసుని చూశారు, విరిగిన కుండీని చూశారు, చివరికి కారుని కూడా చూశారు. తర్వాత కారు చుట్టూ తిరిగి వచ్చి, పక్క సీటులో కూర్చుని తలుపు వేసుకున్నారు. కుదుపులకి సీటు కిందికి జారొచ్చిన చిన్నపిల్లవాడి చెప్పు తీసి వెనక్కి పడేశారు.

"ముందు కాళ్ళు సరిగ్గా పెట్టుకో. ఎడమదే క్లచ్చి. మాస్టారు చెప్పిందంతా మర్చిపో" అన్నారు.

పాలక్క మర్చిపోయింది. ఆయన చెప్పినట్టు తొక్కింది, ఆయన చెప్పినట్టు వదిలింది. కారు రెండుసార్లు ఆగిపోయి, మూడోసారి మెల్లగా, ముసలమ్మ నడిచినట్టు, ఆవరణ చుట్టూ కదిలింది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఒక బెంగ పట్టుకుంది.

"సార్, ఇంతకీ మంత్రిగారు ఎప్పుడొస్తారు?"

డైరెక్టరుగారు అద్దం ఆవిడ వైపు సర్దుతూ, "నీకు రివర్సు వచ్చేదాకా రారులే" అన్నారు.